నలభై ఒకటో పేజీ

హోబార్ట్‌లో చలి జూన్‌లో దిగుతుంది.
డిసెంబరు దెయ్యాల కథల్ని
అప్పుడే బయటికి తీస్తాం.
పుస్తకంలో మోకాలి లోతు మంచు,
మాకు కొండ కొసన కాస్త తెల్లదనం.

ఓర్లా గొంతు సవరించుకుంటుంది.
ముగింపు అందరికీ కంఠతా వచ్చు.
అయినా డెస్మండ్
కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంటాడు,
అరవై దాటిన మనిషి.

నలభై ఒకటో పేజీ. టీ మరక.
ఇక్కడే తలుపు మూడుసార్లు మోగాలి.
ఏటా బల్ల అడుగున మెటికలతో కొట్టేది వినిఫ్రెడ్.
తెలిసి తెలిసీ ఉలిక్కిపడేవాళ్లం.

మార్చిలో ఆమెను సాగనంపాం.

ఓర్లా ఆగింది.
ఎవరి చేతులు వాళ్ల ఒళ్లోనే ఉన్నాయి.
కుక్క చెవులు రిక్కించి
బల్ల కిందికి చూసింది.

"చదువు" అన్నాడు డెస్మండ్.
తర్వాత, మెల్లగా,
"ఇంకాసేపు ఆగి."