రెండువేళ్ల వెడల్పు

యార్డులో టిక్కీ జారి మీద పడ్డ రోజున
మూత తెరిచి చూస్తే
తెరంతా సిరా ఒలికినట్టుంది.
కుడిపక్క కింది మూల మాత్రం
రెండువేళ్ల వెడల్పున బతికుంది,
గడియారం కనపడేంత.

బ్రాడీపేట నాలుగో లైన్లో ఖాసింపీరా
విప్పాడు, ఊదాడు, తుమ్మాడు.
"లోపల పావుకిలో తేజా కారం ఉంది గుమాస్తా గారూ.
మిగతాదంతా దుక్కలాగుంది.
తెర వేయిస్తే మటుకు దీని ఖరీదు దాటిద్ది" అని
ఎత్తేసిన నెట్ సెంటర్ తాలూకు మానిటరొకటి
ఏడొందలకి అంటగట్టాడు.

ఒళ్ళో పెట్టుకునేదని పేరు.
ఇప్పుడది సంగడిగుంటలో
మా కుట్టుమిషను పక్క బల్ల మీద
పలుపుతాడంత తీగతో కట్టేసి ఉంటది.
గడప దాటదు, బస్సెక్కదు.
శౌరమ్మ జాకెట్టు గుడ్డలు ఒక పక్క,
నా తక్‌పట్టీలు ఇంకో పక్క.

మొదట్లో ఏడిపించింది.
మౌసు బాణం మానిటరు అంచు దాటి
చచ్చిన తెరలోకి పోయి కూర్చునేది.
తడుముకుంటా లాక్కొచ్చేవాణ్ణి,
మంచం కింద చెప్పు కోసం కాలు పెట్టినట్టు.
పాస్‌వర్డ్ అడిగేదీ ఆ చీకట్లోనే.
వేళ్ళకి తెలుసు. నన్నడిగితే తడబడతాను.
అప్పుడప్పుడు అక్కడేదో కిటికీ తెరుచుకుని
అవునా కాదా అని నిలబడేది.
ఏమడిగిందో తెలీకుండానే అవునన్నాను చాలాసార్లు.
ఓసారి ఆ అవునుకి
ప్రత్తిపాడు రైతు పట్టీలో
పద్నాలుగు టిక్కీలు ఎగిరిపోయినై.
తెల్లార్లూ కూర్చుని మళ్ళీ రాశాను.
సేటుకి చెప్పలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
టప్పున పోయింది మానిటరు,
నిక్షేపంగా ఉందనుకున్నది.
ఫ్యాను రెక్కలు నెమ్మదించే చప్పుడు కింద
ఈ పగిలింది మాత్రం
గుర్రుమంటానే ఉంది.
దాని బ్యాటరీకి పదకొండు నిమిషాల ఆయుష్షు.
కంట్రోలు, ఎస్సు. గుడ్డిగా నొక్కాను.
దాచుకుందో లేదో అదే చెప్పాలి.
ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కి
మూత వేయబోతుంటే

"మూయమాకు" అంది శౌరమ్మ.
వచ్చి పక్కన కూర్చుంది.
పొద్దున్నే ఇవ్వాల్సిన జాకెట్టు,
హుక్సులు కుట్టాలి.
టైము తప్పు చూపిస్తా
తెల్లగా వెలుగుతున్న ఆ మూలకి
సూది ఆనించి,
కన్ను చికిలించి,
నోటితో తడిపిన దారం
మూడోసారికి ఎక్కించింది.