సాక్షి సంతకం

బొల్లారంలో ఒక బడి హాల్లో
మూడు రోజుల వేసవి శిబిరం ఆఖరి పూట
మాకు కార్డులు పంచారు.
దంతపు రంగు అట్ట, అంచుకి బంగారు గీత.
పెళ్ళి శుభలేఖలు వేసే ప్రెస్సులోనే కొట్టించారట,
మూలన రెండు పావురాల్ని తీసెయ్యడం మరిచిపోయారు.

సముద్రాల అవతల ఎవరో రాసుకున్న మాటల్ని
సుధీర్ అన్న రాత్రికి రాత్రి తెలుగు చేశాడు.
పవిత్రత అని నాలుగు చోట్ల ఉంది.
ఒళ్ళు అన్న మాట ఒక్కచోటా లేదు.
దేనికి దూరంగా ఉంటామో దాని పేరూ లేదు.
చెయ్యెత్తి అడిగిన కుర్రాణ్ణి
అన్న నవ్వి కూర్చోబెట్టాడు:
"తెలిసినోళ్ళకి తెలుసు, తెలియనోళ్ళకి అవసరం లేదు."

నాకు పదిహేనేళ్ళు.
అడుగున రెండు గీతలు.
ఒకటి నాది, ఒకటి సాక్షిది.
నా కార్డు మీద కెజియా,
కెజియా కార్డు మీద నేను.
ఇద్దరికీ ఒకటే పెన్ను, మూత ఎక్కడో పోయింది.
ఉంగరాలు మోండా మార్కెట్లో, జత నలభై రూపాయలు.
వెండివే అని ఒట్టేశాడు.
వానాకాలానికి వేళ్ళు పచ్చబడ్డాయి.

నిజం చెప్పాలి, ఆ యేడాది హాయిగానే ఉండింది.
ట్యూషన్ సందులో సైకిళ్ళేసుకుని వెంటబడేవాళ్ళ ముందు
ఆ వేలొకటి ముడుచుకుని నడిచేదాన్ని.
వద్దు అనొచ్చని
అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు మరి.
జీవశాస్త్రంలో ఆ పాఠం రాగానే
"ఇంట్లో చదువుకోండి" అన్నారు టీచరమ్మ.
ఇంట్లో అమ్మ ఆ పేజీలన్నిటికీ కలిపి పిన్ను కొట్టింది.

కెజియాకి బేగంపేటలో ఉద్యోగం, రాత్రి షిఫ్టు.
పంతొమ్మిది నిండాయి.
ఒక సాయంత్రం మెట్టుగూడ చౌరస్తాలో
చెరుకు రసం బండి పక్కన
"నీకెవరన్నా డాక్టరమ్మ ఎరుకనా?" అంది.
అర్థం కావడానికి నాకు అర గ్లాసు పట్టింది.
అర్థమయ్యాక నేనన్న మాట ఇది:
"మనం సంతకం పెట్టినం కదనే."
గ్లాసు దించి, ఇద్దరి డబ్బులూ తనే ఇచ్చి
లాలాగూడ వైపు నడిచిపోయింది.

పదేళ్ళ తర్వాత నారాయణగూడ సమాధుల తోటలో,
సుధీర్ అన్న వాళ్ళమ్మ పెట్టె మీద తలో పిడికెడు మట్టి వేసి
చేతులు దులుపుకుంటుంటే, తనే చెప్పింది.
చిలకలగూడలో, మెట్ల కింద ఓ క్లినిక్కు.
ఒక్కతే పోయింది.
రిజిస్టర్లో పేరు రాయమంటే
నా పేరు రాసిందట.
"ఎందుకే?"
"అప్పుడు యాదికొచ్చింది అదొక్కటే."

నేను తప్పలేదు.
ఇరవై నాలుగో యేట, దండ వేసుకుని స్టేజీ దిగేదాకా.
తొమ్మిదేళ్ళు వద్దు వద్దని పాఠం చెప్పిన ఒంటికి
ఆ రోజు తారీకు ఎవరు చెప్పాలి?
ఆయన మంచివాడు. తొందరపెట్టలేదు.
ఏడెనిమిది నెలలు
ఇద్దరం ఫ్యాను చూస్తూ పడుకున్నాం,
రెక్కల మీద దుమ్ముకి కూడా అలవాటు పడ్డాం.
తప్పు చేసినట్టే ఉండేది.
ఏమీ చెయ్యకుండానే.

ఇప్పుడు తార్నాకలో మందుల షాపు నాది.
పోయిన ఆదివారం కొత్త కార్డులు తెచ్చారు.
ఈసారి పావురాలు లేవు,
ఫోనుతో స్కాన్ చేసే నల్ల గళ్ళ చదరం ఉంది.
"పిల్లలకి మీరే సాక్ష్యం చెప్పాలక్కా,
నిలబెట్టుకున్నవాళ్ళు మీరు" అన్నారు.
క్యాష్ డబ్బా కింద పెట్టాను.
ఇంకా జవాబియ్యలేదు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి, షట్టర్ సగం దించాక,
ఎమ్మెస్సీ చదివే అమ్మాయట, యూనివర్సిటీ హాస్టల్.
ముందు తలనొప్పి బిళ్ళలు అడిగింది.
తర్వాత దగ్గు మందు.
తర్వాత ఊరికే నిలబడి
బామ్ డబ్బా వెనక సన్నక్షరాలు చదివింది.
నేను లైటు ఆపలేదు.
లోపలి స్టూలు ఇటు జరిపి
బిల్లు పుస్తకం మూసేశాను.
"పేరు రాయాలా ఆంటీ?" అంది చాలాసేపటికి.
అక్కర్లేదన్నాను.
ఎక్కడైనా రాయాల్సొస్తే
నాది రాసుకో.