గోధుమరంగు చుక్కలు

ఎంజీఎం వెనక పాత బిల్డింగుల మూడో గది.
ఫ్యాన్ తిరిగితే లేబుళ్లు లేస్తయని
ఎండకాలం కూడ బంద్ పెట్టుకుంట.

ఇయ్యాల పదకొండో స్లైడు:
బూర కనకలచ్చి, నలభై మూడు, కొత్తవాడ.
బియ్యపుగింజల సగమంత ముక్క.
మైనంల పోసి, ఉల్లిపొరకన్న పల్చగ కోసి
డాక్టరమ్మ పరిశోధనకని
వేరే రంగు పట్టించింది నేనే.

బాగున్న చోట
కణానికీ కణానికీ నడుమ గోడ మీద
గోధుమరంగు చుక్కలు కనబడాలె.
కనెక్సిన్ అంటరు.
ఆరు కలిసి గుండ్రంగ కూసుంటే ఒక సందు,
అవతలి గోడల ఇంకో ఆరు,
ఎదురెదురు పడితే తొవ్వ.
ఆ తొవ్వల ఏం పోతయి?
చిటికెడు ఉప్పు.
‘ఇగ చాలు, పెరగకు’ అనే చిన్న మాట.

కొత్తవాడల జంపఖానా మగ్గం చూసిన.
ఒక్క పువ్వును ఇద్దరు పక్కపక్కన కూసోని నేస్తరు.
"ఎర్రది ఒడిసింది, ఇటియ్యి."
"నీ దిక్కు ఒక పోగెక్కువైంది, ఆగు."
ఆగమన్నప్పుడు ఆగాలె, అంతే.

లెన్సు కింద జరుపుతున్న.
వరుసలు కిక్కిరిసినయి,
కేంద్రకాలు నల్లగ ఉబ్బినయి.
గోడల మీద చుక్కల్లేవు.
కొన్ని లోపల పడున్నయి, మసక మసకగ,
గొళ్లెం ఊడి ఇంట్లనే పడ్డట్టు.
ఇంకింత పైకి జరిపితే అవి కూడ లేవు.

పక్కోళ్ల మాట వినబడని కణం
తనంతల తాను లెక్కబెట్టుకుంటది:
రెండు, నాలుగు, ఎనిమిది.

క్యాన్సర్ కాదు. ఇంకా కాదు.
అడుగు పొర తెగలే.
ఈ ‘ఇంకా’కు పట్టించే రంగొకటి
నా అలమారల ఉంటే బాగుండు.

కనకలచ్చి బయట బెంచీ మీదున్నది.
పోయినవారం వెనిగర్ అద్దితే తెల్లమచ్చ తేలిందట.
ఇంట్ల ఎవలకు చెప్పలే,
మగ్గం మీద పక్కన కూసునే సరోజనకు కూడ.
"ఏడ అయిందని చెప్పాలె మేడం? నోరెట్ల వస్తది?"

రిపోర్టు డాక్టరమ్మ రాస్తది, నాకు హక్కు లేదు.
నీళ్ల సీస ఇచ్చి పక్కన కూసున్న.
"రోజంత అండ్ల ఏం చూస్తరు?"
"గోడలు."
నవ్వింది.
"మా గోడకు సందున్నది.
సరోజన అండ్లకెల్లే పచ్చిపులుసు గిన్నె ఇస్తది."

సాయంత్రం డాక్టరమ్మ చెప్పింది:
సోమవారం, అరగంట పని, భయం లేదు,
తోడు ఒకలు రావాలె.
కనకలచ్చి ఫోన్ తీసి
పేరు మీద వేలు పెట్టి
చానసేపు అట్లనే ఉన్నది.

నేను గదిలకొచ్చి పన్నెండోది పెట్టిన.
ఎవలదో, గోడల నిండ చుక్కలు.
రాసుకునుడు అయిపోయింది గని
కొంచెంసేపు ఊకెనే చూసిన.