వెన్నకి ముందు

నెల్లిమర్లలో మిల్లు గేటుకి తాళం పడ్డ వేసవి.
ఆరింటి కూత లేక
మా పేటలో కోళ్ళు కూడా ఆలస్యంగా లేచేవి.

నాన్న ఇంట్లోనే ఉండేవాడు.
ఇరవయ్యేళ్ళు షిఫ్టుల్లో తిరిగిన మనిషికి
మధ్యాహ్నం ఎంత పొడుగో తెలీదు.
మంచం నవారు బిగించాడు.
గొళ్ళేనికి నూనె వేశాడు.
బాగున్న గొడుగుని విప్పి మరీ బాగుచేశాడు.
చివరికి నా చేతిలో చెంబు చూసి
"అందులో ఏటుందే?" అన్నాడు.

చెంబు మాది, చల్లదనం గున్నమ్మ టీచరుగారిది.
వాళ్ళ ఫ్రిజ్జు పై అరలో ఒక మూల
తొమ్మిది రోజులుగా దాచిన మీగడ.
అరలీటరు పాల మీద తేరిన పొరని
చినక్కుండా గరిటె అంచుతో ఎత్తేది అమ్మ,
నిద్రపోయే పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు.

"నెయ్యి," అంది అమ్మ.
ఇంకా కాలేదు.
అయినా కొట్టువాడి అప్పు పుస్తకంలో
నెయ్యి అన్న మాట అప్పుడే కొట్టేయించింది.

మూల బుట్టలో పణుకులు.
సంత ఎత్తేసే వేళ, అడిగిన ధరకి ఇచ్చేసినవి,
సగం మచ్చలు, సగం తేనె.
"పళ్ళు పాడైపోతన్నాయి, రావణమ్మా.
ఆ మీగడ్లో కలిపి గుంటలకెడదాం."
అమ్మ ఏమీ అనలేదు.
అది ఒప్పుకోవడం కాదని
ముగ్గురికీ తెలుసు.

నాన్న రసం పిండాడు.
టెంకకి అంటిన పీచు ఒకటి లాగి
కిటికీ వెలుగుకి పట్టాడు.
పొడుగు చూశాడు.
రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టి సత్తువ చూశాడు.
"మూడో రకం. గోనెకి పనికిరాదు," అన్నాడు.
చెల్లి బంగారి నవ్వి నవ్వి గోడకి కొట్టుకుంది.
అమ్మ చేటలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

పాత వాయిలు చీర ముక్కలో వడకట్టాడు.
పీచంతా గుడ్డలో, ఎండంతా గిన్నెలో.
ఏ సబ్బుకీ వదలని మిల్లు నూనె వాసన
ఆ వేళ్ళ మీద ఆవేళ కనపడలేదు.
నేను రెండుసార్లు వాసన చూశాను.

గోలీసోడా బండి దగ్గర ఐసుగడ్డ తెచ్చి
రంపంపొట్టు కడిగి
బేసిన్లో నీళ్ళు, నీళ్ళలో ఐసు,
ఐసు మీద గిన్నె, గిన్నెలో మీగడ, పిడికెడు పంచదార.
కవ్వం పట్టడం రాదు నాన్నకి.
రెండు అరచేతుల మధ్య
పురి పేనినట్టు తిప్పాడు.
కరెంటు లేదు. చెమట గడ్డం దాకా వచ్చి
అక్కడ ఆగి ఆలోచిస్తోంది.

మీగడ ముందు పలచనైంది,
తరవాత బద్ధకంగా చిక్కబడింది,
తరవాత ఉబ్బింది, కవ్వం వెనకాలే గీతలు నిలిచాయి.
చప్పుడు మారింది.

ఆ చప్పుడు మా ఇంట్లో ఒక్కరికే తెలుస్తుంది.

ఇంకో పది తిప్పులు.
గింజ కడుతుంది, నీరు విడుతుంది, వెన్న తేలుతుంది.
తేలిందా, ఇంక ఎవరేమన్నా చెల్లదు,
నెయ్యి అమ్మది.
నోరు మెదపకపోతే చాలు.
నాన్నకి తెలీదు. యంత్రం ఆగాలంటే
కూత వెయ్యాలి ఎవరో ఒకరు.

"ఆపు."
చేటలోంచి తల ఎత్తకుండానే అంది.
"ఆపీ ఇంక. ఎన్నయిపోద్ది."

రసం పోసి, రెండు జీడిబద్దలు చిదిపి
స్టీలు గ్లాసుల్లో తిన్నాం.
పళ్ళు జివ్వుమన్నాయి.
నాలుక మీద ముందు చలి, ఆనక తీపి,
చివర్న టెంక దగ్గరి పులుపు కొంచెం.
అమ్మ ఆఖర్న తీసుకుంది.
"పంచదార మిక్కిలైంది," అంది,
వేలితో గ్లాసు అడుగు గీరుతూ.

నెలంతా పప్పన్నంలో నువ్వులనూనె.
ఎవ్వరం అడగలేదు.

ఆ సాయంత్రం ఒక గ్లాసు మూతపెట్టి
టీచరుగారికి పట్టుకెళ్ళాను.
"మీ అమ్మ చేసిందా?"
"మా నాన్న తిప్పాడండి. మాయమ్మ ఆపింది."

ఆవిడకి అర్థం కాలేదు.
గ్లాసు కడిగి, బోర్లించి ఇచ్చారు.