లోలాక్షీ, కథ పంపే ముందు

రాత్రి పూర్తయిందన్నావు, తెల్లారి పంపేస్తానన్నావు.
ఆగు.
బట్టీ నుంచి దించిన పిక్కని వేడి మీద కొడితే
పప్పు ముక్కలైపోతుందని
కాశీబుగ్గలో చిన్నపిల్లకి కూడా తెలుసు.
వారం రోజులు బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టు.
ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, గట్టిగా చదువు.
నాలిక ఎక్కడ తడబడితే అక్కడ రాయి ఉంది.

పలాసలో గ్రేడింగు బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళు కూర్చున్నదాన్ని.
గంప నా ముందు కుమ్మరించగానే
గంపంతా చూడను.
మొదటి దోసెడు చూస్తాను.
పుచ్చు తగిలితే చెయ్యి దానంతటదే పక్క తట్టలోకి పోతుంది,
ఆ పప్పు మీద నాకేం కోపముండదు.
పత్రికాఫీసులో కూర్చున్నాయన కూడా అంతే అనుకుంటాను.
నడుంనొప్పి మనిషి.
నీ మొదటి పేజీలో
సూర్యుడు పదహారు లైన్లు ఉదయించాడు.
నరసమ్మ చెయ్యి కాలింది మూడో పేజీలో.
ఆ చెయ్యిని ముందుకు తే.

ఉత్తరం చిన్నది రాయి.
పేరు, ఊరు, కథ పేరు, ఎన్ని పేజీలు.
మాది పేద కుటుంబం, కన్నీళ్ళతో రాశాను, అలాంటివి వద్దు.
నేను రాశాను, రెండున్నర పేజీలు.
కథ కంటే ఉత్తరమే బాగుందని జవాబొచ్చింది.

హామీపత్రం మరిచిపోకు:
ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు,
ఇంకెక్కడా పరిశీలనలో లేదు.
ఆ చివరి మాట దగ్గర అబద్ధమాడకు.
నేను ఆడాను. ఒకే కథ, రెండు చోట్లకి.
దరిద్రం, ఇద్దరూ తీసుకున్నారు, ఒకే ఆదివారం వేశారు.
మా ఆయన రెండూ కొనుక్కొచ్చి వీధంతా చూపించాడు.
తర్వాత నాలుగేళ్ళు
ఆ రెండు గుమ్మాల్లోనూ నా కవరు చింపలేదు.

ఎవరికి పంపుతున్నావో వాళ్ళ పత్రిక ముందు కొని చదువు.
భక్తి మాసపత్రికకి నేను సారా కొట్టు కథ పంపాను.
ప్రసాదం పొట్లం వచ్చింది, కథ తిరిగి రాలేదు.

మెయిల్ అయితే యూనికోడ్.
బస్టాండ్ దగ్గర డీటీపీ తవిటినాయుడు
పాత ఫాంటులో కొట్టి పంపేస్తాడు,
అక్కడ తెరిస్తే అన్నీ డబ్బాలు.
"అమ్మా, మీ కథంతా కిటికీలే" అని ఒకావిడ రాసింది.
మంచావిడ.

తర్వాత మూడు నెలలు. ఫోన్ చెయ్యకు.
కూలి పుస్తకం వెనక నుంచి తిప్పి గీతలు గీసుకో,
ఏ కథ, ఎక్కడికి, ఏ తారీఖు.
నావి ఇరవై ఏడు గీతలు. పద్దెనిమిదింటి ఎదుట ఖాళీ.
ఖాళీ అంటే వద్దని. నోరు తెరిచి వద్దనరు మనల్ని,
ఊరుకుంటారు.
అది చదవడం నేర్చుకోడానికి నాకు చాలా కాలం పట్టింది.

ముప్పై వేలు కడితే పుస్తకం వేసి సన్మానం చేస్తానని
విశాఖ నుంచి ఒకడు ఫోన్ చేస్తాడు. గొంతు బాగుంటుంది.
పని మనం చేసి కూలీ మనమే కడతామేటి?
పెట్టెయ్.

ఇంకోటి. దీని సంగతి నాకింకా తేలలేదు.
ఒకాయన కథ నచ్చిందన్నాడు,
"ఏటి"లన్నీ "ఏమిటి"లు చేస్తే వేస్తానన్నాడు.
చేశాను.
అచ్చయ్యాక మా అమ్మకి చదివి వినిపించాను,
అందులో మనిషి మా అమ్మే.
అంతా విని,
"బాగున్నాది గానీ, ఎవులే ఆ పంతులమ్మ?" అంది.

కామాలు తియ్యమంటే తియ్యి.
పేరా కొట్టెయ్యమంటే ఒక రాత్రి ఏడ్చి కొట్టెయ్యి,
చాలాసార్లు వాళ్ళదే రైటు.
మీ అమ్మ నోట్లో మాట మార్చమంటే మాత్రం...
నీ ఇష్టం. మార్చి డబ్బులు తీసుకున్నదాన్ని, నేను చెప్పకూడదు.

చిరునామా రాసే ముందు బూడిదతో చేతులు తోముకో.
జీడి సొన పోదు, తెలుసు.
కవరు మీద నల్లటి బొటనవేలు పడితే పడనీ.
తిరుగు కవరుకి స్టాంపులు సరిపడా అంటించు.
రిజిస్టరు కౌంటరు మూడింటికి మూసేస్తారు.
సూపర్‌వైజరుని గంట అడిగి వెళ్ళు,
నీ తట్ట నేను చూసుకుంటాను.