గాడి

థాడియస్ పర్నెల్ పెట్టెలు మోసినవాణ్ణి నేను.
ఒక్కో పెట్టెలో ఎనభై రికార్డులు,
లిఫ్టు పనిచెయ్యని తొమ్మిదో అంతస్తు.
నా వీపుకి ఇప్పటికీ ఆ మెట్ల లెక్క తెలుసు.

ఉత్తర ఫిలడెల్ఫియా, డెబ్బై తొమ్మిది, ఆగస్టు.
బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన స్తంభం మూత విప్పి
రెండు వైర్లు లాగేవాడు.
దీపం గుడ్డిదయ్యేది, వీధికి ప్రాణమొచ్చేది.
రెండు టర్న్‌టేబుళ్లు. ఒకటి సొంతం,
ఒకటి బాబాయి దగ్గర అడక్కుండా తెచ్చింది.
సూది ఎగిరిపోకుండా దాని నెత్తిన టేపేసి అంటించిన నాణెం.
మేం చూసిన కిరీటాల్లో అతి చవకైనది అదే.

పాట అతనికి అక్కర్లేదు.
పాటలో అందరూ నోరు మూసుకుని
డ్రమ్ము ఒక్కటే మాట్లాడే నాలుగు సెకన్లు కావాలి.
ఎడమ పళ్లెంలో ఆ నాలుగు సెకన్లు,
కుడి పళ్లెంలోనూ అవే.
ఇటు అయ్యేలోపు అటు వెనక్కి,
అటు అయ్యేలోపు ఇటు,
తిరగలి తిప్పినట్టే.
గింజ అరగదు, పిండి మాత్రం రాలుతూనే ఉంటుంది
అనుకున్నాం అప్పట్లో.

పక్కవాళ్లు కాపీ కొట్టకుండా
లేబుళ్లని స్నానాల తొట్లో నానబెట్టి గోటితో గీకేసేవాడు.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగొచ్చిన వాళ్లమ్మ వెర్డెల్
తొట్టినిండా తేలే కాగితం తుక్కు చూసి
"వీటికి పేర్లుండేవి కదరా" అనేది.

వాటిలో ఒకటుంది.
దాని డ్రమ్ము పడగానే కోర్టంతా ఒక్క మనిషై వంగేది.
నది అవతల కామ్డెన్ నుంచి వంతెన దాటొచ్చి
వేగులవాళ్లలా మా వెనక నిలబడేవాళ్లు.
పేరు చెబితే యాభై డాలర్లు. పోనీ, వంద.
నాక్కూడా చెప్పలేదు.
మోశానే గానీ, ఏం మోశానో నాకు తెలీదు.

తర్వాత సంగతి మీరు ఊహించగలరు.
మైకు పట్టుకున్న ఓర్విల్ ముఖం ఆల్బం అట్టమీదికెక్కింది.
థాడియస్ పేరు అట్టవెనక, చీమ తలకాయంత,
అదీ ఒక అక్షరం తప్పుతో.
హాంబర్గ్ దాకా వెళ్లారు. అక్కడి వాన గురించి
నాకొక కార్డు రాశాడు, వాన గురించి మాత్రమే.
ఇంతలో డీజే పనంతా అగ్గిపెట్టెంత టేపులో పట్టేసింది.
టేపు భోజనం అడగదు, హోటల్ గది అడగదు.
తిరగని రికార్డు మీద ఊరికే చెయ్యాడించమన్నారు.
ఒక రాత్రి ఆడించాడు.
రెండో రాత్రికి ఇంటికొచ్చేశాడు.

ఇరవై మూడేళ్లు సిటీ బస్సు నడిపాడు.
ఎడమ చెవి పోయింది.
మలుపు దగ్గర స్టీరింగుని తిప్పి, కాస్త వెనక్కి లాగి, మళ్లీ తిప్పుతాడని
బడిపిల్లలు నవ్వుకునేవాళ్లు. ఎందుకో వాళ్లకి తెలీదు.

ఎనభై ఆరు నిండిన రోజున వెర్డెల్ ఒక్కటే అడిగింది.
"మా చర్చివాళ్లం వేయించిన ప్లేటు నీ దగ్గరే ఉండాలి.
మొత్తం రెండొందలే అచ్చేశారు.
నేను పాడిన పాట పెట్టు.
ముక్కలు కాదు. మొత్తం."

థాడియస్ నా మొహం చూళ్లేదు.
అప్పుడు తెలిసింది నాకు
నలభై ఏళ్ల కిందట నేనేం మోశానో.

పేర్లు లేని నల్లటి చక్రాలు, పెట్టెలకి పెట్టెలు.
కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తడిమాడు,
అప్పుడెప్పుడో గీసిన మైనపు గీత వేలికి తగిలేదాకా.

సూది దించాడు.
ఆర్గన్. ఎవరిదో దగ్గు. ముప్పై అయిదేళ్ల వెర్డెల్
మెట్టుమెట్టుగా పైకెక్కి ఆగింది.
డ్రమ్ము రావాలి.
ఇసుక వచ్చింది.
తెల్లగా అరిగిన గాడిలో, చెప్పుకింద నలిగే ఇసుక,
నాలుగు సెకన్లు.
అతని చెయ్యి ఎక్కువసార్లు నిమిరిన చోటే
ఏమీ మిగల్లేదు.

వెర్డెల్ తల తిప్పలేదు.
కుర్చీ చెక్కమీద అరచేత్తో
తప్పిపోయిన దెబ్బలన్నీ తనే కొట్టింది,
ఒక్కటీ అటూ ఇటూ కాకుండా.

అలవాటుగా వెనక్కి తిప్పబోయిన చెయ్యి
గాల్లోనే ఆగింది.
పాట ముందుకెళ్లింది.
ఆ నాలుగు సెకన్ల తర్వాత ఏముందో
అతను కూడా ఎన్నడూ వినలేదు.