ఎనిమిదిన్నర చెంచమ్మ

మా వైపు కేబుల్ వైర్లు లాగేది నేనే.
సైదాపురం నించి కొండగుంట దాకా
ఏ ఇంట్లో ఏ చానెల్ ఏడుపు వినిపిస్తుందో
కళ్లు మూసుకుని చెప్పగలను.
ఇండ్ల చెంచమ్మ గుడిసెకి మాత్రం
పైసా తీసుకోకుండా ఇచ్చాను కనెక్షన్,
ఆమె కథే సీరియల్‌గా తీశారని.

పేరు పాతాళజ్యోతి.
సోమవారం నించి శుక్రవారం దాకా, రాత్రి ఎనిమిదిన్నరకి.
వేలిముద్ర వేయించుకుని
పదివేలూ ఒక పట్టుచీరా ఇచ్చిపోయారు.
చీర ఇంకా కవర్లోనే ఉంది.

మొదటి రోజు వీధి వీధంతా వచ్చి కూచుంది.
తెర మీది చెంచమ్మ తెల్లగా ఉంది,
అబ్రకం గనిలో గంప మోస్తున్నా
పెదాల రంగు చెదరలేదు.
ఇక్కడి చెంచమ్మ తన మోచెయ్యి చూసుకుంది.
గనులు మూతబడి ముప్పై ఏళ్లైనా
దీపం దగ్గరికి జరిగితే చాలు,
చర్మం ముడతల్లో కాకిబంగారం మిణుకుమంటుంది.
"ఈ పిల్ల బాగుండాదబ్బయా,
నేనీ పిల్లనైతే ఆ గన్లోకి ఎందుకు దిగతా?"
నవ్వాం.

నూట పన్నెండో రోజు వాన మొదలైంది.
వాగు గనిలోకి మళ్లింది, మేస్త్రీ పారిపోయాడు,
ఏడో నెల కడుపుతో ఆమె
నడుముకి తాడు బిగించుకుంది.
అంతలో బంగారం మీద అప్పిచ్చే కంపెనీ వచ్చింది.
మళ్లీ తాడు. మళ్లీ టూత్‌పేస్టు.
శుక్రవారం సగం లోతులో ఆపేశారు.
శని ఆదివారాలు సీరియల్ రాదు,
రెండు రోజులు అట్టాగే వేలాడింది మనిషి.
దోవలో కనబడినోళ్లంతా అడగడమే,
"దిగినావా మే, ఇంకా లేదా?"
"యాడ, సోమారం దాకా ఆగమన్నారు"
అనేది, గోంగూర కట్ట విప్పుతా.

సోమవారం చూస్తే
తాడు కొస రాతి స్తంభానికి కట్టి ఉంది.
మొగుడు సారా కొట్టు ముందు పడి ఉన్నాడు.
చెంచమ్మ ఏమీ అనలేదు. లేచి
ఆయన ఫొటోని గోడవైపు తిప్పి పెట్టింది,
చూడకూడదని.

పోలయ్య నాకు తెలుసు.
తాగేవాడు కాదు, పెద్దగా మాట్లాడేవాడూ కాదు.
మా చిన్నప్పుడు ఈతపండ్లు దోసిట్లో తెచ్చి పోసేవాడు.
ఆ అరచేతుల్లో గీతలుండేవి కావు,
అడ్డంగా తాడు ఒరుసుకుపోయిన దారి ఒక్కటే.
చిలక జోస్యం వాడొకడు ఆ చెయ్యి చూసి
డబ్బులొద్దని పంజరం ఎత్తుకుని వెళ్లిపోయాడంట.

తొమ్మిదిసార్లు దిగింది, తెర మీద.
తొమ్మిది మంది, తలకొక ఎపిసోడు.
కలెక్టరు దండ వేశాడు, వెనక శంఖాలు ఊదారు.
నేను టీవీ ఆపబోతే చెయ్యి పట్టుకుంది.
"ఉండు. పదోవోడు రావాల."

పెంచలయ్య. పన్నెండేళ్లు.
మస్టర్లో లేడు, పిలకాయల పేర్లు రాసేవాళ్లు కాదు గదా.
వాళ్లమ్మ పేరు కింద అరకూలి.
లేని పిలగాడు ఎట్టా చస్తాడని
కంపెనీ లెక్క తొమ్మిదితో సరిపోయింది.
పదోసారి దిగితే
చేతికి చొక్కా దొరికిందంట.
చొక్కా దొరికింది.

ఆ వారమంతా చూసింది. పై వారమూ.
తెర మీద ఆమెకి కూతురు పుట్టి, గబగబా పెరిగి,
కథ ఆ కూతురి పెళ్లి గొడవల్లో పడింది.
ఆఖరి రోజు, అన్నీ అయ్యాక,
నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు.
"ఏం రాసినారబ్బయా?"
ఆమెకి చదువు రాదు. నాకొచ్చు, అదే తప్పైంది.
ఇందులోని పాత్రలన్నీ కల్పితం, అని చదివాను.
"అంటే?"
"అంటే... వీళ్లెవరూ నిజంగా లేరని."
చానాసేపు తెర వైపే చూసింది.
అప్పటికి అందులో వంటనూనె కాగుతోంది.
"అట్టయితే
మస్టరు రాసినోడే ఇదీ రాసినాడు."

తెల్లారి కబురు చేసింది, వైరు తీసుకుపొమ్మని.
నిచ్చెనేసుకుని పైకెక్కాను.
తాటాకు తడిసి జారుతోంది.
కింద చెంచమ్మ,
పోలయ్య ఫొటోని మళ్లీ ఇటు తిప్పి వచ్చి,
వేలాడుతున్న వైరు కొసని
రెండు చుట్లు మణికట్టుకి చుట్టుకుని నిలబడింది.
అక్కర్లేదన్నాను, బరువేమీ లేదన్నాను.
"బయపడబాక, దిగు,
నేను పట్టుకోనుండా."